తాళాలత్త తనకూ తాళం వేసుకుంది

మా ఆఫీసులో కింది అంతస్తులో పెట్టెలు తయారవుతాయి, పై అంతస్తులో వాటికి బుద్ధి తయారవుతుంది. పెట్టెలంటే ఇంక్యుబేటర్లు. నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డుల్ని వెచ్చగా ఉంచే అద్దాల పెట్టెలు. బిడ్డ ఒంటికి అంటించిన సన్నటి తీగ ఒంటి వేడి ఎంతుందో చెబుతూ ఉంటుంది. ఆ మాట విని హీటరు పెంచాలో తగ్గించాలో పెట్టె నిర్ణయించుకుంటుంది. ఎలా నిర్ణయించుకోవాలో రాసిపెట్టేది మేము. కుర్చీల్లో చేరగిలబడి, టీ తాగుతూ, కబుర్లు చెప్పుకుంటూ రాస్తాం.

పై అంతస్తులో కిటికీ పక్క బల్ల తాళాలత్తది. నేను ఉద్యోగంలో చేరేటప్పటికే ఆమె అక్కడ సగం వయసు గడిపేసింది. పొట్టి మనిషి. కళ్లజోడు ఎప్పుడూ మెడలో తాడుకి వేలాడుతూ ఉండేది. భర్త సిటీ బస్సు డ్రైవరు. పొద్దున ఆయన డ్యూటీ మొదలయ్యే వేళకే ఆమె కూడా ఇంట్లోంచి బయలుదేరేది కాబట్టి అందరికంటే ముందు ఆఫీసుకి వచ్చేది. ఎవరినైనా గట్టిగా ఒక్క మాట అనడం మేం వినలేదు. అలాంటి మనిషికి తాళాలత్త అనే పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ తలుపు సంగతి చెప్పాలి.

మేం రాసే కోడ్ అంతా ఒకే చోట దాచి ఉంటుంది. దాన్ని రెపో అంటాం. ఉమ్మడి కుటుంబంలో కొట్టుగది లాంటిదనుకోండి. ఎవరికి వాళ్ళు అందులోంచి నకలు తెచ్చుకుని, తమ కంప్యూటర్లో మార్పులు చేసుకుని, పని పూర్తయ్యాక మళ్ళీ అందులోకి తోస్తారు. అలా తొయ్యడమే పుష్ చెయ్యడం. తోసింది తోసినట్టు కింద హాల్లో తయారయ్యే పెట్టెల్లోకి ఎక్కుతుంది. మొదట్లో పై అంతస్తులో ఉన్నది నలుగురే. ఏం మార్చినా ఈ బల్ల నుంచి ఆ బల్లకి కేకేసి చెప్పుకునేవాళ్ళట. తరవాత జనం పెరిగారు, కేకలు తగ్గాయి. కొట్టుగది తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంది. ఎవరు ఎప్పుడు ఏం తోసినా అడిగే నాథుడు లేడు.

మాలో ఒకతన్ని మెరుపు అని పిలిచేవాళ్ళం. ఏ పని చెప్పినా చెప్పడం పూర్తయ్యేలోపే చేసి పెట్టేవాడు. మనిషి మంచివాడు, తెలివైనవాడు. నిదానం అన్న మాట మాత్రం అతని ఇంటావంటా లేదు.

ఒక రోజు పొద్దున నేను కాస్త ముందుగా వచ్చాను. పరీక్ష గదిలో లైటు వెలుగుతోంది. ఆ గదిలో మా పెట్టె ఒకటి ఆగకుండా నడుస్తూ ఉంటుంది. బిడ్డకి బదులు నీళ్ళు నింపిన మెత్తటి సంచీ ఒకటి లోపల పడుకోబెడతాం. టీ కావాలేమో అడుగుదామని గుమ్మం దాకా వెళ్ళాను. ఆమె పెట్టె పక్కనున్న గుండ్రటి కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టి, సంచీ మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. నా వైపు తిరగలేదు.

"అమ్మాయ్, ఇటు రా. తెర మీద ఏముందో చదువు."

చదివాను. ఉండాల్సినదానికి ఓ వెంట్రుకవాసి తక్కువ, అంతే. పచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది.

"ఇప్పుడు నువ్వు చెయ్యి పెట్టు."

పెట్టాను. పెట్టినంత వేగంగానూ వెనక్కి లాక్కున్నాను. సంచీ కాలిపోతోంది.

తీగ సంచీ మీంచి ఊడిపోయి ఓ పక్కన పడి ఉంది. తీగ ఊడితే పెట్టె గగ్గోలు పెట్టాలి. అది కిమ్మనలేదు సరికదా, అంతా బాగుందని చెబుతోంది. నేను ఆ అంకె వంకా సంచీ వంకా మార్చి మార్చి చూశాను. సరిగ్గా అదే కోడ్ ఎక్కించిన పెట్టెలు ఆ మధ్యాహ్నం లారీ ఎక్కాల్సి ఉంది.

ఆమె గబగబా మెట్లు దిగి కిందికి వెళ్ళింది. ఆమె పరిగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. లోడింగ్ దగ్గర ఉన్నవాళ్ళని ఆపించి పైకి వచ్చేసరికి ఓనరు ఎదురయ్యాడు.

"లారీ ఆపమన్నావట. ఎవర్ని అడిగావు?"

"ఎవర్నీ అడగలేదు సార్. ఒకసారి మీరొచ్చి చెయ్యి పెట్టి చూడండి."

ఆయన వెళ్ళి చెయ్యి పెట్టి చూశాడు. బయటికొచ్చాక లారీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ మార్పు ముందురోజు సాయంత్రం మెరుపు తోసింది. అతని ఉద్దేశం మంచిదే. బిడ్డ కదిలినప్పుడల్లా తీగ కొంచెం వదులై, పెట్టె ఊరికే కుయ్యోమంటోందని నర్సులు విసుక్కుంటున్నారు. అందుకని అంకె అందనప్పుడు కాసేపు పాత అంకెనే చూపించమని రాశాడు. ఆ కాసేపు ఎంతసేపో రాయడం మరిచిపోయాడు. తీగ ఊడిపోయాక కూడా పెట్టె పాత అంకెనే పట్టుకు వేలాడుతూ, అది వెంట్రుకవాసి తక్కువగానే ఉంది కాబట్టి బిడ్డకి ఇంకాస్త వెచ్చదనం కావాలేమోననుకుని వేడి పెంచుకుంటూ పోయింది.

సంగతి విన్న మెరుపు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మరీ వేడెక్కితే కరెంటు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఇంకోటి ఉంది కదక్కా," అన్నాడు.

"ఉంది. అది ఆగేదాకా బిడ్డ అందులోనే కదా పడుకునేది."

అతను తల వంచుకున్నాడు. ఆమె కుర్చీ లాగి పక్కన కూర్చుంది.

"ఇలా చూడు. నువ్వు మరిచిపోయింది ఒక్క ముక్క. ఎవరైనా మరిచిపోతారు. అది ఎవరి కంటా పడకుండా కింది దాకా వెళ్ళిందే, అది మనందరి పని. తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాం. ముందు టీ తాగు."

ఆ రోజే ఆమె తలుపు వేసేసింది. రెపోలోకి నేరుగా తోసే హక్కు అందరికీ తీసేసి తనకీ, పేరుకి ఓనరుకీ మాత్రమే ఉంచింది. ఇక మీదట ఎవరి మార్పు అయినా ముందు ఆమె బల్ల దగ్గరికి రావాలి. ఆమె చదివి, సరే అంటేనే లోపలికి పోవాలి.

పెద్ద గోలైంది. అంతవరకూ చిటికెలో అయ్యే పని ఆమె కోసం కాచుకుని కూర్చోవాల్సి వచ్చేది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో వరసా చదివేది. అర్థం కాకపోతే పిలిచి కూర్చోబెట్టుకుని అడిగేది. "దీన్ని ఇలా ఎందుకు రాశావు?" అనేది. మాకు తిక్క రేగేది ఆ మాటకే. ఎందుకు రాశామో మాకే తెలియని సందర్భాలు బోలెడు. అత్తగారు తాళాల గుత్తి బొడ్లో దోపుకుని తిరుగుతోందని ఎవరో అన్నారు. అప్పట్నుంచి తాళాలత్త అయింది. మేమంతా కోడళ్ళం అయ్యాం, మగవాళ్ళతో సహా.

ఆ పేరు ఆమె దాకా వెళ్ళదనుకున్నాం. ఒక రోజు రెపోలో ఆమె ఖాతా తెరిచి చూస్తే అసలు పేరు తీసేసి తాళాలత్త అని పెట్టుకుని ఉంది. మా అందరికీ మొహాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అత్తనన్నాక సాధించకపోతే బాగుండదు కదర్రా," అంది, తెర మీంచి చూపు తిప్పకుండానే.

మెరుపు మాత్రం నవ్వలేదు. ఆ పొద్దున జరిగింది అతని గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. తనని నమ్మకే ఆమె తలుపు వేసిందని అనుకునేవాడు. ఆమెతో పని ఉంటే తప్ప మాట్లాడేవాడు కాదు. ఇంకో పని కూడా మొదలుపెట్టాడు. అది మాకు చాన్నాళ్ళకి గానీ తెలియలేదు. మా మార్పులన్నీ ఆమె చదువుతుంది, బాగానే ఉంది. మరి ఆమె రాసినవి ఎవరు చదువుతారు? ఎవరూ చదవరు. ఆమె రాసి, ఆమే తోసేస్తుంది. అందుకని తోసేసిన తరవాత అతను కూర్చుని అవన్నీ చదివేవాడు. ఏదో ఒక నాటికి అత్త దొరక్కపోతుందా అని చూశానని తరవాత అతనే నాతో అన్నాడు.

ఒక మధ్యాహ్నం దొరికింది.

పెట్టె గోల పెడుతుంటే నర్సు ఒక మీట నొక్కి దాన్ని ఊరుకోబెట్టవచ్చు. బిడ్డని చూసుకునే వ్యవధి ఇచ్చి, అది మళ్ళీ తనంతట తానే అరవాలి. ఆమె ఆ భాగం సవరించి రాసింది. ఊరుకోబెట్టిన ఆ కాస్త వ్యవధిలో కరెంటు పోయి వచ్చిందంటే మాత్రం పెట్టె ఇక అరవడం మరిచిపోతుంది. చాలా అరుదుగా జరిగే సంగతి. అయినా జరగవచ్చు.

అతను కాగితం మీద ఆ నాలుగు వరసలూ రాసుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు. అందరికీ వినిపించేలా అంటాడనుకున్నాను. అనలేదు. కాగితం ఆమె ముందు పెట్టి, "అక్కా, కరెంటు పోయి వస్తే?" అని మాత్రం అన్నాడు.

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. చదివింది. మళ్ళీ పైనుంచి చదివింది. కాసేపటికి కళ్లజోడు తీసి, ఉత్త కళ్ళతో కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. అతను కదలకుండా నిలబడ్డాడు. గెలిచినవాడి మొహం కాదు అది.

"ఇది ఎలా కనిపెట్టావు?" అంది చివరికి.

"నువ్వు రాసినవన్నీ చదువుతున్నానక్కా."

"ఎప్పట్నుంచి?"

"తలుపు వేసినప్పట్నుంచి."

ఆ కోడ్ ఇంకా ఏ పెట్టెలోకీ ఎక్కలేదు. సాయంత్రంలోగా సరిదిద్ది, తొయ్యకుండా, అతన్నే పిలిచి చదవమంది.

మర్నాడు భోజనాల దగ్గర నాకు చెప్పింది. ఇంటికెళ్ళి భర్తతో అంతా చెప్పుకుందట. ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ విన్నాడట. విని, "ఇన్నేళ్ళుగా తోలుతున్నాను, బ్రేకుల చప్పుడు వింటే చాలు నాకు తెలిసిపోతుంది. అయినా డిపోలో మెకానిక్కు చూసి సంతకం పెట్టందే బండి గేటు దాటనివ్వరు. నా బ్రేకులు నేనే చూసుకుని నేనే సంతకం పెట్టుకుంటే ఎక్కేవాళ్ళకి ధైర్యం ఏముంటుంది?" అన్నాడట.

"నేను చేస్తున్నది అదే కదే," అంది నాతో. "ఇన్నాళ్ళూ తలుపు వేశాననుకున్నాను. అందరికీ వేసి నాకు మాత్రం దొడ్డిదారి ఉంచుకున్నాను."

ఆ వారమే అందర్నీ మీటింగు గదిలోకి పిలిచింది. ఓనరు కూడా వచ్చాడు. ఆమె తన కంప్యూటరుని గోడ మీది పెద్ద తెరకి తగిలించింది. రెపోలో ఎవరికి ఏ హక్కు ఉందో చూపించే పేజీ అది. అన్ని పేర్ల పక్కనా అడ్డగీత. రెండు పేర్ల పక్కన లేదు. ఒకటి తాళాలత్త. రెండోది ఓనరు.

"ఈ రోజు నుంచి ఎవరి మార్పునైనా ఇంకొకళ్ళు చదివి ఒప్పుకుంటేనే లోపలికి పోతుంది. ఎవరు రాశారన్నది లెక్కలేదు. నేను రాసినా అంతే. నా హక్కు కూడా తీసేస్తున్నాను," అంది.

ఓనరు కుర్చీలో ముందుకి జరిగాడు. "అదేంటమ్మా, నీ దగ్గరైనా ఒక తాళం ఉండొద్దా? రేపేదైనా తొందర పని పడితే?"

"తొందరలో ఉన్న రోజే నన్ను నమ్మకూడదు సార్."

ఆమె కంప్యూటరుని మెరుపు వైపు జరిపింది. "ఆ మీట నువ్వు నొక్కు. నేను నొక్కితే మళ్ళీ నేనే తీసుకోగలనని అనిపిస్తుంది."

అతను ఆమె మొహంలోకి చూశాడు. చెయ్యి రాలేదు. "అక్కా, నేనెందుకు..."

"చదివినవాడివి నువ్వే కదా. నొక్కు."

నొక్కాడు. తాళాలత్త పేరు పక్కన అడ్డగీత పడింది. వెంటనే ఆమె తన కంప్యూటరు దగ్గరికి తీసుకుని, పనికొచ్చేదీ చెడగొట్టేదీ కాని చిన్న మార్పు ఒకటి చేసి రెపోలోకి తోసింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: మీకు అనుమతి లేదు.

ఆమె ఆ అక్షరాల వంక చూస్తూ నిలబడింది. ఎన్నో ఏళ్ళు ఒక్కొక్క వరసా పేర్చి కట్టిన ఇల్లు అది. ఇప్పుడు అది ఆమెనే గుమ్మంలో ఆపేసింది. ఆ మొహంలో వచ్చిన సంతోషాన్ని నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు. చేతిలో ఉన్నదాన్ని ఇంకొకరు లాక్కుంటే గింజుకునేవాళ్ళని చూశాను. అడగకుండానే వదిలేసేవాళ్ళు ఉంటారని విన్నాను. వదిలేసి ఇంత తేలికపడే మనిషిని చూడటం అదే మొదలు, అదీ రోజూ నా పక్కన కూర్చుని అన్నం తినే మనిషి.

"చూశారా, నన్ను కూడా పోనివ్వలేదు," అంది.

ఓనరు తెర మీద తన పేరు చూసుకుంటున్నాడు. "ఈ బిల్డింగు నాది. ఆ పెట్టెలు నావి. వాటిలో ఒక్క అక్షరం నేను మార్చలేను. అంతేనా?"

"ఒక్కళ్ళే మార్చలేరు సార్. ఇంకొకళ్ళని తోడు తెచ్చుకుంటే మార్చచ్చు."

ఆయన గడ్డం రుద్దుకున్నాడు. ఆ పరీక్ష గది గుర్తొచ్చిందో ఏమో. "సరే, నాది కూడా తీసెయ్యండి," అన్నాడు. ఈ తాళాలనే మార్చగల పెద్ద ఖాతా ఒకటి మిగిలింది. దాని పాస్‌వర్డు రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క ఓనరు దగ్గర, రెండోది మెరుపు దగ్గర ఉంచారు. తాళాలత్త దగ్గర ఏ ముక్కా లేదు. ఆమే వద్దంది.

ఆ తరవాత మా పని తీరే మారిపోయింది. పాత కోడ్ కూడా మొదటి నుంచీ ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళం చదివాం. ఆమె పిలిచి అడిగిన ప్రశ్నే మేం ఒకళ్ళనొకళ్ళం అడగడం మొదలుపెట్టాం. ఆమె రాసినవాటిని నేను చదవాల్సి వచ్చిన మొదటిసారి ప్రతి వరసా రెండేసి సార్లు చదివాను. ఏదో తప్పు కనిపించి, చెప్పాలా వద్దా అని నసుగుతుంటే, "చెప్పవే, మింగుతావేంటి," అంది. చెప్పాను. తప్పు నాదే, ఆమెది కాదు. కానీ ఓపిగ్గా విని, ఎందుకు అలా రాసిందో మొత్తం చెప్పింది.

మరుసటి సంవత్సరం మెరుపు భార్యకి నెలలు నిండకుండానే కాన్పు అయింది. ఆడపిల్ల. రెండు రోజులు అతని దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం తాళాలత్తకి ఫోన్ చేశాడు. బిడ్డ ఎలా ఉందో చెప్పకుండా అతను అన్న మాట పక్కనున్న నాకు కూడా వినిపించింది.

"అక్కా, మన పెట్టెలోనే పెట్టారు."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "వస్తున్నాం," అంది.

నేనూ ఆమెతో వెళ్ళాను. ఇన్నేళ్ళు వాటికి బుద్ధి రాశాను గానీ, నేను అప్పటివరకూ నీళ్ళ సంచీనే తప్ప పెట్టెలో బిడ్డని చూసి ఎరగను. చేతులు కడుక్కుని, పైన గౌను తొడుక్కుని లోపలికి వెళ్ళాం. వరసగా పెట్టెలు. గదంతా మసక వెలుతురు, మెల్లగా ఫ్యాన్ల చప్పుడు. మెరుపు ఒక పెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

లోపల బిడ్డ నా మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా కూడా లేదు. చర్మం కింద రక్తనాళాలు దారప్పోగుల్లా కనిపిస్తున్నాయి. పొట్ట దగ్గర మా తీగ అంటించి ఉంది. పొట్ట పైకి లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. తెర మీద అంకె కొద్దిగా తగ్గింది. ఏ మూలో హీటరు మేలుకున్నట్టుంది, అంకె మెల్లగా మళ్ళీ పైకొచ్చింది. నేను కుర్చీలో కూర్చుని విసుక్కుంటూ రాసిన వరసలు, తాళాలత్త చదివి పేచీ పెట్టిన వరసలు, ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే ఈ పిడికెడు ప్రాణాన్ని కాస్తున్నాయి.

మెరుపు పెట్టె వంకే చూస్తూ అడిగాడు. "ఇందులో ఏ కోడ్ ఉందక్కా?"

"వచ్చే దారిలో ఫోన్‌లో ఈ ఆసుపత్రికి పంపిన పెట్టెల లెక్క చూశాను. మనందరికీ తాళం పడ్డ తరవాతది."

"అందులో నేను రాసింది ఉందా?"

"ఉంది. నేను చదివిందే. నేను రాసిందీ ఉంది, నువ్వు చదివావు." ఆమె పెట్టె అద్దం మీద వేలు ఆనించింది. "ఒక్కళ్ళ చేతి మీదుగా వచ్చింది ఇందులో ఒక్క ముక్క కూడా లేదురా."

అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

డ్యూటీలో ఉన్న పెద్ద నర్సు మా దగ్గరికి వచ్చి మీరెవరని అడిగింది. "ఈ పెట్టెలు చేసేవాళ్ళం," అంది తాళాలత్త.

నర్సు మమ్మల్ని ఎగాదిగా చూసింది. నమ్మినట్టు లేదు. తరవాత పెట్టె మూతని చేత్తో తుడుస్తూ, "ఈ పెట్టెల్లో ఎంతమంది పెరిగారో మాకు గుర్తే లేదమ్మా. వాళ్ళలో కొందరు ఇప్పుడు బడికి కూడా పోతున్నారు. అమ్మలు తీసుకొచ్చి చూపిస్తుంటారు. ఇంత ఉన్నవాళ్ళు అంత అవుతారు," అని చేత్తో తన నడుము దాకా ఎత్తు చూపించింది.

బయటికొచ్చాక తాళాలత్త వరండాలో బల్ల మీద కూర్చుంది. లేవమంటే లేవలేదు. ఆమెకి పిల్లలు లేరు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, ఆ రోజు కూడా ఎత్తలేదు. గోడ వంక చూస్తూ, "అంతమందా," అని ఒక్కసారి తనలో తను అనుకుంది. నేను పక్కన కూర్చున్నాను.

బిడ్డ వారాల తరబడి ఆ పెట్టెలోనే ఉండి, ఒళ్ళు చేసి, ఇంటికి వెళ్ళింది. చలి తగ్గాక ఒక రోజు మెరుపు, అతని భార్య కలిసి ఆఫీసుకి తీసుకొచ్చారు. కింద హాల్లో మరలు బిగించేవాళ్ళు, రంగు వేసేవాళ్ళు అందరూ చుట్టూ మూగారు. అన్ని మొహాలు ఒక్కసారిగా చూసి పిల్ల గుక్క పట్టి ఏడవడం మొదలుపెట్టింది. హాలు ప్రతిధ్వనించింది. పైనున్నవాళ్ళందరూ ఏమైందోనని మెట్ల మీదికి వచ్చారు. తాళాలత్త మెట్టు మెట్టూ నిదానంగా దిగి వచ్చి చేతులు చాపింది. ఆమె చేతుల్లో కూడా పిల్ల ఏడుపు ఆపలేదు, ఇంకా గట్టిగా అందుకుంది. ఊరుకోబెట్టమని ఎవరూ అనలేదు. చేతిలో పని పక్కన పెట్టేసి, అందరం నిలబడి ఆ గొంతు వింటూ ఉండిపోయాం.